ఇరవై ఉతుకుల దుప్పటి

పదకొండూ ఇరవైకి వదినగారు స్టేషన్ మెట్లు ఎక్కుతుంటే, నిందితురాలిని కోర్టుకు తీసుకెళ్లాల్సిన బండికి కానిస్టేబుల్ ఒకడు గాలి కొడుతున్నాడు. కోర్టు టైము నాలుగు. చేతిలో ఉన్నది నాలుగున్నర గంటలు. లోపల ఉన్న మనిషి మీద పెట్టింది హత్య కేసు.

వదినగారి అసలు పేరు డిటెక్టివ్ లైసెన్సు మీద తప్ప ఎక్కడా వినబడదు. ఈ స్టేషన్ ఇన్‌స్పెక్టరు ఆవిడకు స్వయానా మరిది. మూడేళ్ల కిందట ఒక కేసులో నలుగురి ముందూ "వదినా, నువ్వు కాస్త పక్కకు జరుగు" అని విసుక్కున్నాడు. ఆవిడ జరగలేదు, కేసు తేల్చేసింది. ఆ పిలుపు మాత్రం ఊరంతా పాకింది. ఇప్పుడు జేబుదొంగలకు కూడా ఆవిడ వదినగారే. అంతకుముందు పన్నెండేళ్లు బీమా కంపెనీలో చేసింది. ఓడల్లో దిగిన సరుకులో ఏది తడిసింది, ఏది తడిపారు అని తేల్చే ఉద్యోగం.

కేసు సంగతి ఇది. పదకొండు హోటళ్ల యజమాని ఒకాయన తన గదులన్నిటికీ సముద్రం అవతలి ఫ్యాక్టరీ నుంచి టోకున దుప్పట్లు తెప్పిస్తాడు. ఆదివారం సాయంత్రం కంటైనర్ దిగింది, బేళ్లు గోడౌన్ చేరాయి. సోమవారం పొద్దున కొనుగోళ్ల అధికారి ఆ బేళ్ల కిందే శవమై కనిపించాడు. ఆయన్ని అందరూ దారాలాయన అంటారు. జేబులో భూతద్దం పెట్టుకుని, ఎదురుపడ్డవాడి చొక్కాలో అంగుళానికి ఎన్ని దారాలున్నాయో లెక్కపెట్టి చెప్పే రకం. పోలీసులు పట్టుకున్నది హోటళ్ల లాండ్రీ చూసుకునే యాభై ఏళ్ల మనిషిని. ఆవిడ అందరికీ పిన్ని.

వదినగారిని ఈ కేసులోకి పిలిచింది హోటళ్ల జనరల్ మేనేజరు. ముప్పై ఏళ్ల కిందట గదులు సర్దే కుర్రాడిగా చేరి ఆ కుర్చీ దాకా వచ్చాడు. లక్ష పరుపులు సర్దిన చేతులు ఇవి అని కనబడ్డవాళ్లకల్లా చెప్తాడు కాబట్టి పరుపుల సారు అన్న పేరు స్థిరపడిపోయింది. పొద్దున తొమ్మిదింటికి వదినగారి ముందు కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. పిన్ని అమాయకురాలని, ఏం చేసైనా బయటికి తేవాలని, ఏ చిన్న సంగతి తెలిసినా ముందు తనకు చెప్పాలని బతిమాలాడు. కింద నుంచి పైకొచ్చినవాళ్లంటే వదినగారికి మొదటి నుంచీ మెత్తదనం.

పిన్ని బల్లకు అవతల కూర్చుని కొంగు అంచును ఒళ్లో పరిచి అరచేత్తో ఇస్త్రీ చేసినట్టు అదే పనిగా రాస్తోంది. వదినగారు కూర్చోలేదు. ఆ ఇరుకు గదిలోనే ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేస్తూ మొదలుపెట్టింది.

"ఆయన ఫోన్ ఎన్నింటికొచ్చింది?"

"ఆరూ ముప్పై ఐదు."

"అంత కచ్చితంగా ఎలా చెప్తున్నారు?"

"ఆరున్నరకి పెద్ద మిషన్లో లోడ్ వేశానండీ. ఆరూ ముప్పై ఎనిమిదికి మొదటి మందు పొయ్యాలి. ఫోన్ మాట్లాడుతూ ఇంకా మూడు నిమిషాలుంది కదా అనుకున్నా."

ఆ మిషన్ సంగతి వదినగారు విడమరిచి అడిగింది. మందు పోసిన ప్రతిసారీ పిన్ని తన నంబరు కొట్టి మీట నొక్కాలి. లేకపోతే మిషన్ ముందుకు కదలదు. ఆరూ ముప్పై ఎనిమిది, ఆరూ నలభై ఆరు, ఆరూ యాభై ఐదు. మూడుసార్లూ టైముతో సహా చీటీ వస్తుంది. మూడో మీట నొక్కి బయల్దేరింది. లాండ్రీ నుంచి గోడౌనుకు నడక ఏడు నిమిషాలు. వెళ్లేసరికి ఆయన కాళ్లు మాత్రమే కనబడ్డాయి.

"శనివారం మీరిద్దరూ అందరి ముందూ పోట్లాడుకున్నారట."

పిన్ని దాచలేదు. కిందటిసారి వచ్చిన దుప్పట్లు ఆర్నెల్లు తిరక్కుండానే నడుమ నడుమ పలచబడి పాత కాగితంలా చిరిగాయి. దారాలాయన నేరమంతా లాండ్రీ మీదకు తోశాడు. నీ మందుల ఘాటుకే చిరుగుతున్నాయి, ఈ మాట పైకి రాస్తాను, నీ ఉద్యోగం ఉండదు అన్నాడు. ఆవిడకూ ఒళ్లు మండింది. నీ భూతద్దం పగలగొట్టి చేతిలో పెడతా అంది. ఇన్‌స్పెక్టరు రాసుకున్నది ఈ ఒక్క ముక్కే.

"మరి నిన్న పొద్దున్నే ఫోన్లో ఏమన్నాడు?"

కొంగు రాసే చెయ్యి ఆగింది. "'పిన్నీ, తప్పు నాదే. నీ మందుల్లో ఏం లేదు. ఆ ఇరవై ఉతుకుల దుప్పటి పట్టుకుని వెంటనే రా' అన్నాడు. పదహారేళ్లలో ఆ మనిషి నోట తప్పు అన్న మాట వినడం అదే మొదలండీ. ఇంక వినను కూడా."

ఆవిడ ఏడుస్తుంటే వదినగారు నడక ఆపి కిటికీ వైపు తిరిగింది. ఏడ్చేవాళ్లను చూస్తూ ప్రశ్నలు వేయడం ఆవిడకు ఇప్పటికీ చేతకాదు.

కాసేపటికి ఆ దుప్పటి కథ బయటికొచ్చింది. ఆర్డరు ఇచ్చే ముందు ఫ్యాక్టరీ ఒక నమూనా పంపుతుంది. దారాలాయన దాన్ని పిన్నికి ఇచ్చి ఇరవైసార్లు ఉతికించేవాడు. ఒక్కో ఉతుకుకూ మూలన ఎర్రదారంతో ఒక్కో కుట్టు. ఇరవై కుట్లు పడ్డాక కూడా బట్ట బిగువు తప్పకపోతేనే ఆర్డరు. ఈసారి నమూనా నిక్షేపంలా నిలబడింది. నిన్న ఆయన అడిగింది దాన్నే. చంకలో పెట్టుకుని వెళ్లి, ఆయన్ని ఆ స్థితిలో చూసి, దిక్కుతోచక మళ్లీ దాన్ని అలాగే వెనక్కి తెచ్చేసింది. లాండ్రీలో ఎర్ర బీరువా అడుగు అరలో, పాత తువ్వాళ్ల కింద ఉంది.

"ఈ సంగతి పోలీసులకు ఎందుకు చెప్పలేదు?"

"ఎవరడిగారు? గోడౌన్ తాళం గురించి అడిగారు, తిట్ల గురించి అడిగారు. దుప్పటి గురించి మీరే అడిగారు." పిన్ని ముక్కు తుడుచుకుని, అంతలోనే ఇంకో బెంగ బయటపెట్టింది. "ఇవాళ మంగళవారం. బాయిలర్ ఆపి కడిగించి, పన్నెండింటికల్లా అందరినీ పంపేస్తాం. తాళం ఎవరేస్తారో ఏమో."

వదినగారు మెట్లు దిగుతూనే పరుపుల సారుకు ఫోన్ చేసింది. క్లయింటుకు ఎప్పటికప్పుడు చెప్పడం ఆవిడ పద్ధతి. పిన్ని నిర్దోషి అన్న నమ్మకం కుదిరిందని, మిషన్ చీటీలు తెప్పిస్తున్నానని, ఎర్ర బీరువా అడుగు అరలో, పాత తువ్వాళ్ల కింద ఫలానా దుప్పటి ఒకటి ఉందని చెప్పింది. "మంచి మాట చెప్పారండీ" అన్నాడాయన.

గోడౌనులో అడుగుపెట్టేసరికి పన్నెండున్నర. అయిదేసి బేళ్ల చొప్పున రెండు వరుసలు, మధ్య మనిషి పట్టేంత సందు. పై బేలు ఒక్కటి దొర్లింది. బరువు తొంభై కిలోలు. నిచ్చెనెక్కి అవతలి నుంచి భుజం పెట్టి తోస్తే ఎవరికైనా సాధ్యమే. ముందు గేటు దగ్గర కాపలాదారు పుస్తకంలో రెండే ఎంట్రీలు, అయిదూ ఇరవైకి దారాలాయన, ఏడూ రెండుకు పిన్ని. హోటల్లోకి తెరుచుకునే వెనక తలుపు మాత్రం నిన్న పోలీసులు వచ్చేసరికే తాళం తీసి ఉందట.

సందు చివర ఒక బల్ల. దాని మీద అద్దం మూత ఉన్న చిన్న త్రాసు, బట్టను గుండ్రంగా కోసే కత్తెరమర, కరెంటు కెటిల్, స్టీలు గ్లాసు. వదినగారికి ఇవన్నీ పాత చుట్టాలే. ఆ మరతో కోసిన బిళ్లను తూస్తే బట్ట ఎంత దిట్టమో తెలిసిపోతుంది. త్రాసు మూత తీసి చూస్తే ఒక బిళ్ల ఉంది. బరువు ఒకటీ ముప్పై ఐదు గ్రాములు, సరిగ్గా ఒప్పందంలో రాసుకున్నంత. మరి ఈ బిళ్ల కోసిన దుప్పటి ఏది?

దారాలాయన విప్పిన బేలులో ప్లాస్టిక్ కవర్లు ఒక్కొక్కటే తీసి చూడగా ఏడో కవర్లో దొరికింది. బుద్ధిగా మడిచి, మిగిలిన వాటి మధ్యకు దోపి ఉంది. మడత కొద్దిగా విప్పి చూసింది. గుండ్రటి కంతలు రెండు. త్రాసులో బిళ్ల ఒకటే.

"చనిపోయినవాడి దుప్పట్లు మడతపెట్టే పని కూడా ఒప్పుకున్నావా వదినా?"

ఇన్‌స్పెక్టరు బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చాడు. మూడింటికి విలేకర్లను రమ్మన్నాడట. ఇస్త్రీ యూనిఫామ్ వేసుకుని తయారుగా ఉన్నాడు.

"రెండో బిళ్ల నీ దగ్గరుందా?" అంది వదినగారు.

"ఏ బిళ్ల?"

"ఉంటే ఇలా అడగవులే. ఈ కెటిల్ ఎందుకుందో కనుక్కున్నావా?"

"టీ కోసం."

"టీపొడి ఏది? చక్కెర ఏది? పోనీ, గ్లాసు అడుగు చూడు."

అడుగున తెల్లటి పొర ఎండి ఉంది. వదినగారు గోడకున్న మందులపెట్టె తెరిచి, గాయాలకు రాసే అయోడిన్ ఒక చుక్క దాని మీద వేసింది. పొర నీలంగా మారి, నల్లబడింది.

"గంజి" అంది ఆవిడ. "పలచటి బట్టకు గంజి బాగా పట్టించి పంపితే త్రాసు మోసపోతుంది. దారాలాయన మోసపోడు. ఒక బిళ్ల అలాగే తూచాడు. రెండోది వేడినీళ్లలో కడిగి, ఆరబెట్టి తూచాడు. అప్పుడు ఫోన్ తీసి పిన్నికి తప్పు నాదే అని చెప్పాడు. ఆ కడిగిన బిళ్లనే ఎవరో పట్టుకుపోయారు."

ఇన్‌స్పెక్టరు ఒప్పుకోలేదు. గంజి ఉంటే ఉండనీ, వెనక తలుపుకు తాళంచెవులు రెండే అన్నాడు. పరుపుల సారు తన తాళం నడుం దిగదని సంతకం పెట్టి మరీ చెప్పాడు, ఇక మిగిలింది పిన్ని తాళం. నువ్వు ఓడల్లో తడిసిన బస్తాలు లెక్కపెట్టే రోజులు కావివి, ఇది ప్రాణం పోయిన వ్యవహారం అని కూడా అన్నాడు. ఆ చివరి మాట ఆవిడకు ఎక్కడో గుచ్చుకుంది.

వదినగారు వేరే దుప్పటి నుంచి కొత్త బిళ్ల కోసి, కెటిల్ నీళ్లలో రెండుసార్లు పిండి, బయటికి వెళ్లి మరిది జీపు బానెట్ మీద ఎండలో పరిచింది. అది ఆరే ఇరవై నిమిషాలూ ఇద్దరూ మొహమొహాలు చూసుకోలేదు. ఆవిడ గేటు దాకా నడవడం, రావడం. ఆయన గడియారం చూసుకోవడం. ఒంటిగంటా ఇరవైకి బిళ్ల మళ్లీ త్రాసెక్కింది. ఒకటీ పది.

"సరే, మోసం ఉంది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "హత్య చేసింది ఆవిడ కాదని ఎలా?"

"కాపలాదారు స్టేట్‌మెంటు రాసింది నువ్వే కదా. ధబ్బున చప్పుడు ఎప్పుడు విన్నాడు?"

"నీళ్ల మోటారు ఆగినప్పుడు."

"మోటారుకు టైమర్ ఉంది. ఆరూ యాభైకి ఆగుతుంది. ఇవిగో మిషన్ చీటీలు. ఆరూ నలభై ఆరుకు పిన్ని మీట నొక్కింది, యాభై ఐదుకు మళ్లీ నొక్కింది. షిఫ్టులో ఆవిడ పక్కనే ఇద్దరున్నారు, చూశారు. నడక ఏడు నిమిషాలు. నువ్వు పరుగు పందెంలో కప్పులు కొట్టిన మనిషివి, తొమ్మిది నిమిషాల్లో వెళ్లి, నిచ్చెనెక్కి, మనిషిని చంపి, మళ్లీ వచ్చి మీట నొక్కగలవా?"

ఇన్‌స్పెక్టరు చీటీలు రెండుసార్లు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. మొండివాడే గానీ అబద్ధపు మనిషి కాదు, ఆ సంగతి ఆవిడకు వాడు నిక్కర్లు వేసుకున్నప్పటి నుంచీ తెలుసు. ఒంటిగంటా నలభైకి స్టేషనుకు ఫోన్ చేసి, సొంత పూచీకత్తు మీద పిన్నిని పంపించెయ్యమన్నాడు. విలేకర్లను కూడా రావద్దని చెప్పించాడు.

"ఇంటికెళ్లాక అన్నయ్యకు చెప్పకు" అన్నాడు.

"అన్నం పెట్టేటప్పుడు చెప్తాను" అంది వదినగారు. పొద్దుటి నుంచీ మొదటిసారి కుర్చీలో కూర్చుంది. ఒళ్లంతా తేలికైనట్టుంది. అయినా కాలు ఆడుతూనే ఉంది. ఏదో మిగిలిపోయిందని ఆ కాలికి ముందు తెలుస్తుంది.

రెండు దాటాక గదుల సూపర్‌వైజరు హడావిడిగా వచ్చింది. నలభై దాటిన మనిషి, చేతిలో తాళాల గుత్తి. పైన గెస్టులు దిగుతున్నారని, పిన్ని లేక ఉతికిన దుప్పట్లు అందలేదని, ఈ కొత్తవాటిలో ఇరవై ఇప్పించమని ఇన్‌స్పెక్టరును బతిమాలుకుంది. సాక్ష్యం కదపడానికి వీల్లేదన్నాడాయన. ఆవిడ బల్ల మీదున్న కంతల దుప్పటి వంక చూసి మొహం చిట్లించింది.

"కొత్తవి అంటున్నారు, ఇది మావాళ్లు వాడేసినట్టున్నారే."

"లేదు, కొత్తదే. ఎందుకలా అన్నారు?" వదినగారి కాలు ఆగిపోయింది.

"మడత మాదండీ. ఫ్యాక్టరీది ఇలా ఉండదు."

ఇన్‌స్పెక్టరు తల ఊపగానే ఆవిడ దుప్పటిని తీసుకుని, రెండు మూలలు పట్టి ఒక్క విసురు విసిరింది. మడతలన్నీ గాల్లోనే విడిపోయి దుప్పటి బల్ల మీద తిన్నగా, వెడల్పు అంచు తలవైపుకు పరుచుకుంది. తర్వాత కవరులోంచి ఇంకోటి తీసి అలాగే విసిరింది. అది ముద్దగా పడింది. రోజుకు పదహారు పరుపులు సర్దేవాళ్లకు దుప్పటి విప్పుకుంటూ కూర్చునే తీరిక ఉండదని, అందుకే వెడల్పు అంచు పైకి వచ్చేలా ఈ మడత వేస్తామని చెప్పింది. ఒకసారి చేతికి అలవాటైతే ఇంట్లో చీర కూడా అలాగే మడుస్తామంది.

హంతకుడు దుప్పటిని కవర్లోకి దోపి దాచేద్దామనుకున్నాడు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి.

"పిన్ని ఈ మడత వేస్తుందా?" వదినగారు అడిగింది.

"ఆవిడ మడతలన్నీ మిషన్‌వే. గదుల పని ఎప్పుడూ చెయ్యలేదు."

"మీ గదులవాళ్లలో ఈ వెనక తలుపు తాళం ఎవరి దగ్గరైనా ఉందా?"

"మాకెక్కడిదండీ. తాళాలు రెండే. పిన్నిది ఒకటి, పరుపుల సారుది ఒకటి. ఈ మడత మాకందరికీ నేర్పింది ఆయనే."

తన తాళం నడుం దిగదని ఆయనే సంతకం పెట్టాడు. పిన్ని మెడకు చుట్టాలని చెప్పిన మాట అది. ఫ్యాక్టరీని చూసి వచ్చిందీ, నమూనా తెచ్చి దారాలాయన చేతిలో పెట్టిందీ ఎవరని వదినగారు అడగనే లేదు. అడగకుండానే ఇప్పుడు తెలుస్తోంది. నమూనా ఒకటి, సరుకు ఒకటి, మధ్యలో మిగిలిన డబ్బు పరుపుల సారుది. ఆ తేడా చూపించగలిగింది ఒక్క ఇరవై ఉతుకుల దుప్పటే. అది ఉన్నదని, ఏ బీరువాలో, ఏ అరలో, వేటి కింద ఉన్నదని ఆయనకు వప్పజెప్పింది తనే.

ఇన్‌స్పెక్టరు వెంటనే స్టేషనుకు ఫోన్ కలిపి ఇచ్చాడు.

"పిన్నిగారా? వెళ్లిపోయి అరగంటయిందండీ" అన్నాడు కానిస్టేబుల్. "పరుపుల సారే స్వయంగా కారు తెచ్చారు. పాపం, ఆవిడ ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేసింది. లాండ్రీలో ఏదో తీసుకుని ఇంటి దగ్గర దింపుతానన్నారు."

వదినగారు ఫోన్ పెట్టేసి పిన్ని నంబరు కొట్టింది. మోగింది. ఎత్తారు. ప్రాణం లేచొచ్చింది.

"వదినగారూ, నేనేనండీ" అన్నాడు అదే కానిస్టేబుల్. "ఆవిడ ఫోన్ ఇంకా మన సంచీలోనే ఉంది. సంతకం పెట్టి తీసుకోవడం మర్చిపోయింది."

ఇద్దరూ గేటు దగ్గరికి పరుగెత్తారు. జీపు తాళం కోసం మరిది జేబులు తడుముకుంటున్నాడు. రోడ్డు అవతల, వరుస కప్పుల మీదుగా లాండ్రీ పొగగొట్టం కనబడుతోంది. ఆయన చెయ్యి జేబులోనే ఆగిపోయింది.

"వదినా, ఇవాళ బాయిలర్ ఆపేస్తారని చెప్పావు కదా."

గొట్టంలోంచి నల్లటి పొగ వస్తోంది. వదినగారు జీపు కోసం ఆగలేదు. చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తింది. పిన్నిని బయటికి తెచ్చిన ఆ ఏడు నిమిషాల దూరం ఇప్పుడు ఆవిడకూ పిన్నికీ మధ్య ఉంది.